వాడు మనవాడే

2025 ఫిబ్రవరి 7న చిలుకూరు బాలాజీ గుడి ప్రధానార్చకులు రంగరాజన్ గారి మీద ఆయన ఇంట్లోనే దాడి జరిగింది. ఆ వార్త బయటికొచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చాలాసేపు నోరు మెదపలేదు. అర్చకుడి మీద దాడి అనగానే చేసిందెవరో మనసులో ముందే ఖాయం చేసేసుకునేవాళ్ళు మా గ్రూపులో తక్కువేం లేరు. ఈసారి వాళ్ళ లెక్క తప్పింది. వచ్చినవాళ్ళు ‘రామరాజ్యం’ పేరుతో దండు కూడగడుతున్నవాళ్ళు. తమ దండులోకి మనుషుల్ని చేర్పించమన్నారు, డబ్బు సాయం చేయమన్నారు. ఆయన కుదరదన్నారు. కొట్టారు. హుండీయే పెట్టని గుడికి వెళ్ళి పూజారిని డబ్బడగడంలో ఉన్న వింత వాళ్ళకు తట్టినట్టు లేదు.

చివరికి మూడో అంతస్తు పెద్దాయన ఒక్క వాక్యం పెట్టారు: “వాళ్ళు అసలు హిందువులే కాదు.” దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఇక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ వాక్యం నాకు కొత్త కాదు. 2007 ఆగస్టులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్ళ మర్నాడు ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు కళ్ళు ఎర్రగా చేసుకుని “వాళ్ళు ముసల్మానులే కాదు భాయ్” అన్నాడు. ఒకసారి టీవీలో జోన్స్‌టౌన్ గురించి వస్తుంటే, 1978లో గయానా అడవిలో ఒక పాస్టర్ మాట మీద తొమ్మిది వందల మందికి పైగా చచ్చిపోయిన సంగతి చూసి, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మా ఎదురింటావిడ “అది క్రైస్తవమే కాదండీ” అని చానెల్ మార్చేశారు. మతం ఏదైనా మాట మాత్రం అదే. అన్నవాళ్ళ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. తాము నమ్మిన దేవుడి పేరు మీద ఇంత ఘోరం జరిగిందని ఒప్పుకోవడం కష్టమే.

చిక్కేమిటంటే తీవ్రవాది కూడా సరిగ్గా ఇదే మాటంటాడు. మా పెద్దాయన లాంటి వాళ్ళ గురించి, నా మిత్రుడి లాంటి వాళ్ళ గురించి అంటాడు. ‘వీడు అసలు హిందువే కాదు’, ‘వీడు అసలు ముస్లిమే కాదు’. మనం ఆ మాటని చేతులు కడుక్కోవడానికి వాడతాం. వాడు చెయ్యి చేసుకోవడానికి వాడతాడు. అందుకే నాకు ఆ మాటంటే భయం. తీవ్రవాది ఏ మతంలో పుట్టినా ఆ మతం వాడే. అతని మొదటి పని కూడా సొంత మతం మీదే ఉంటుంది. పొరుగువాడి మతం మీదికి పోయేది ఆ తర్వాత. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. దీనికి ఉన్న అడ్డంకులు కూడా చెప్తాను, అవి చిన్నవేం కావు.

1948లో రెండు హత్యలు

జనవరి 30 గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ప్రార్థనకు నడిచి వెళ్తున్న హిందువును, రోజూ రామనామం పలికే హిందువును, ఇంకో హిందువు కాల్చాడు. ఆ ముసలాయన ముస్లింల పక్షం వహించాడన్నది అభియోగం.

అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌లో షోయబుల్లాఖాన్‌ని చంపారు. ముప్పయ్యేళ్ళు కూడా నిండని సంపాదకుడు. మందుముల నరసింగరావు గారి ‘రయ్యత్’లో పనిచేశాడు. దాన్ని నిజాం సర్కారు మూయించాక ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక మొదలుపెట్టాడు. సంస్థానం భారతదేశంలో కలవాలని రాశాడు, రజాకార్ల ఆగడాలను ఎండగట్టాడు. కలిసిపోవడమే మంచిదని ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇచ్చిన ప్రకటనను అచ్చువేశాడు. ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే కాచిగూడ ప్రాంతంలో కాపుకాసి కాల్చారు. రాసిన చేతిని నరికారు.

మనకు తెలంగాణ చరిత్ర చెప్పేవాళ్ళు రజాకార్లు హిందువుల మీద చేసిన దౌర్జన్యాలను వివరంగా చెప్తారు, చెప్పాల్సిందే. షోయబుల్లాఖాన్ దగ్గరికి వచ్చేసరికి రెండు వాక్యాల్లో దాటేస్తారు. ‘ముస్లింలలోనూ మంచివాళ్ళున్నారు’ అనడానికి పనికొచ్చే ఉదాహరణగా వాడుకుని వదిలేస్తారు. నాకు అతని హత్య అంతకన్నా పెద్ద సంగతిగా కనిపిస్తుంది. ముస్లింలందరి తరఫునా మాట్లాడుతున్నామని చెప్పుకునేవాళ్ళకు, ‘నా తరఫున మాట్లాడకండి’ అనే ఒక్క ముస్లిం చాలు, మొత్తం దుకాణం కూలిపోవడానికి. కలం పట్టిన కాంగ్రెస్ హిందువులు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. వాళ్ళు రాస్తే శత్రువు రాశాడని కొట్టిపారేయొచ్చు. ఇతను రాస్తే కొట్టిపారేయడానికి లేదు. అందుకే చెయ్యి నరకాల్సి వచ్చింది.

తర్వాత జరిగిందే ఇంకా చేదు. నెల తిరక్కుండానే సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా సంస్థానంలో జరిగిన చావుల మీద కేంద్ర ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. పోయినవాళ్ళలో చాలామంది రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లింలు. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ మాత్రం జైల్లో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఆయన కాపాడతానన్న జనం ఇక్కడే మిగిలిపోయి ఆయన చేసినదానికి బాకీ కట్టారు.

దగ్గరికి రాగలిగేవాడు

ఇలాంటి హత్యల గురించి చదువుతుంటే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ తగులుతుంది. చంపినవాడు ఎంత సులువుగా దగ్గరికి రాగలిగాడు అన్నది. గాడ్సే నమస్కారం పెట్టి మరీ కాల్చాడంటారు. 1959 సెప్టెంబరులో శ్రీలంక ప్రధాని బండారనాయకెను కాల్చిన సోమరామ ఒక బౌద్ధ భిక్షువు. కొలంబోలో ప్రధాని ఇంటి వరండాలో జనంతో పాటు కూర్చున్నాడు. భిక్షువు కదా అని ప్రధానే వంగి నమస్కరించాడు. తుపాకీ కాషాయ చీవరంలో ఉంది. 2011 జనవరి 4న పాకిస్తాన్ పంజాబ్ గవర్నరు సల్మాన్ తాసీర్‌ని కాల్చిన ముంతాజ్ ఖాద్రీ ఆయన అంగరక్షకుడే. 1985 ఆగస్టు 20న పంజాబ్‌లో అకాలీదళ్ నాయకుడు సంత్ హర్‌చంద్ సింగ్ లోంగోవాల్‌ని సిక్కు తీవ్రవాదులు షేర్పూర్ గురుద్వారాలో చంపారు. రాజీవ్ గాంధీతో ఒప్పందం మీద సంతకం పెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. 1995 నవంబరు 4న ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ని శాంతి సభ బయట కాల్చింది నిష్ఠగల యూదు విద్యార్థి, లా చదువుతున్నవాడు. 2009 మే 31న అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం విచిటాలో, గర్భస్రావాలు చేసే డాక్టరు జార్జి టిల్లర్‌ని కాల్చింది ఆదివారం ఉదయం ఆయన సొంత చర్చిలో. వచ్చినవాళ్ళను లోపలికి పిలిచే పనిలో ఉన్నాడాయన. కాల్చినవాడూ దేవుడి పని చేశాననే అనుకున్నాడు.

ఐదు దేశాల్లో జరిగిన వాటిని ఇలా దండ గుచ్చడం మీద నాకే కొంత అనుమానం ఉంది. బండారనాయకె హత్య వెనక ఉన్న పెద్ద భిక్షువు బుద్ధరక్ఖితకు మతం మీద ప్రేమ కన్నా ప్రభుత్వ కాంట్రాక్టులు దక్కలేదన్న కోపమే ఎక్కువని వాదించేవాళ్ళున్నారు, ఆ వాదనలో బలం ఉంది. కాకపోతే 1956లో బండారనాయకెను గద్దెనెక్కించడానికి ఊరూరా తిరిగింది ఆ భిక్షువులే. సింహళమే అధికార భాష అన్న చట్టం తెచ్చింది ఆ ఊపులోనే. ఏడాది తిరిగాక తమిళ నాయకుడు చెల్వనాయకంతో ఒప్పందం చేసుకుంటే, భిక్షువులు ఇంటి ముందు కూర్చుని దాన్ని రద్దు చేయించారు. పులి మీద స్వారీ చేసినవాడి కథ ఇది. దిగబోయినప్పుడు గాని పులి ఎవరిదో తెలియలేదు. చనిపోయే ముందు ఆయన, తనను కాల్చినవాణ్ణి చీవరం కట్టుకున్న మూర్ఖుడిగా పేర్కొని, అతని మీద కక్ష తీర్చుకోవద్దని కోరాడు. ఆ మాటలోనూ చూడండి, ‘చీవరం కట్టుకున్నవాడు’ అన్నాడు గాని భిక్షువు అనలేదు. ఆఖరి ఘడియలో కూడా వాడు మనవాడని అనబుద్ధి కాలేదు.

తాసీర్ సంగతి ఇంకా స్పష్టం. ఆసియా బీబీ అనే పేద క్రైస్తవ కూలీ మీద దైవదూషణ కేసు పెట్టి ఉరిశిక్ష వేస్తే, ఆయన జైలుకు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ చట్టం మార్చాలన్నాడు. దైవదూషణ చేసిందని కేసు పడ్డ ఆసియా బీబీ బతికింది, 2018లో సుప్రీంకోర్టు నిర్దోషి అంది. ఆమె పక్కన కూర్చున్న ముస్లిం చచ్చాడు. ఆయనకు జనాజా నమాజు, అంటే అంత్యక్రియల ప్రార్థన, చదివించడానికి చాలామంది మౌలానాలు ముందుకు రాలేదు. కోర్టుకు తెచ్చిన హంతకుడి మీద లాయర్లు గులాబీ రేకులు చల్లారు. 2016లో ఖాద్రీని ఉరితీశాక ఇస్లామాబాద్ శివార్లలో అతనికి దర్గా లాంటిదే వెలిసింది.

ఆ దేశంలోనే ‘వాళ్ళు ముస్లింలే కాదు’ అన్న మాట రాజ్యాంగంలోకి ఎక్కింది. 1974లో సవరణ చేసి, తమను ముస్లింలుగానే చెప్పుకునే అహ్మదీలనే వర్గాన్ని ముస్లింలు కారని ప్రకటించారు. ముస్లింగా పుట్టినవాళ్ళలో మొట్టమొదట భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అబ్దుస్ సలాం అహ్మదీ. ఆయన సమాధి రాతి మీద ‘ముస్లిం’ అన్న మాటను చెరిపేయించారు. 2010 మేలో లాహోర్‌లో శుక్రవారం నమాజు వేళ రెండు అహ్మదీ మసీదుల మీద పడి ఎనభై మందికి పైగా చంపారు. ఒక సముదాయాన్ని మతం నుంచి వెలివేయడం కాగితం మీద మొదలైంది, నలభై ఏళ్ళు తిరగకుండా అంత దూరం పోయింది.

కొత్త జబ్బేం కాదిది. క్రీ.శ. 661లో కూఫా మసీదులో ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ మీద కత్తి వేటు వేసింది బయటి శత్రువు కాదు, ఒకప్పుడు ఆయన పక్షానే నిలిచి విడిపోయిన ఖారిజీ వర్గం వాడు. తనను ఎదిరించిన ముఆవియాతో మధ్యవర్తిత్వానికి ఒప్పుకోవడమే అలీ చేసిన తప్పట. రాజీ పడ్డవాడు మతం తప్పాడు, మతం తప్పినవాడు బతకడానికి వీల్లేదు. పాతబస్తీలో ఇప్పటికీ రంజాన్ 21న ఆయన కోసం మాతం చేస్తారు.

పీరీలు ఎవరివి

హత్యలు పేపర్లో పడతాయి. అంతకు ముందు జరిగేది పడదు.

మా అమ్మ వాళ్ళ ఊరు నల్లగొండ జిల్లాలో ఉంది. ఊళ్ళో ముస్లిం ఇళ్ళు ఎప్పుడూ చేతివేళ్ళకు మించి లేవు, పీరీల పండుగ, అదే మొహర్రం, మాత్రం ఊరంతటిదీ. అలావ, అంటే నిప్పుల గుండం, తవ్వేది ఒకరు, కట్టెలు తెచ్చేది ఇంకొకరు, పీరీ ఎత్తే కుటుంబాల్లో సగం గౌండ్లవాళ్ళు, ముదిరాజులు. మొక్కు తీరిందని మలీద ప్రసాదం తెచ్చే ఆడవాళ్ళలో మా అమ్మమ్మ ఒకతి. ఆమె ఏ మతపు దేవుడికి మొక్కుతున్నదీ ఆమెనెవరూ అడగలేదు. అడిగితే ఆ ప్రశ్నే ఆమెకు అర్థమయ్యేది కాదనుకుంటా.

ఒక ఏడాది పట్నం నుంచి వచ్చిన జమాతు వాళ్ళు మసీదులో కూర్చుని, పీరీలు నిలబెట్టడం అల్లాకు సాటి కల్పించడమేననీ, అది ‘షిర్క్’ అనే మహాపాపమనీ ఊరి ముస్లిం పిల్లలకు చెప్పి పోయారు. అదే రోజుల్లో మండల కేంద్రంలో యువజన సంఘం పెట్టుకున్న మా వాళ్ళ పిల్లలు, ‘తురకల దేవుణ్ణి మనమెందుకు మొయ్యాలె’ అని ఇంటింటికీ తిరిగారు. ఈ రెండు గుంపులూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు కారు. ఎదురుపడితే కొట్టుకునేవాళ్ళే. కోరుకున్నది మాత్రం ఒకటే, పీరీల కొట్టానికి తాళం పడాలి.

తాళం పడలేదు గాని పండుగ చిక్కిపోయింది. కొట్టం చూసుకునే ముజావరు ముసలాయన, అడ్డుతగిలిన హిందూ పిల్లాడితో, “బిడ్డా, ఆ పెద్ద పీరీ మీ తాత ఎత్తింది. మా తాత దప్పు కొట్టిండు. నువ్వు నన్ను ఆపుతున్నవా, మీ తాతనా?” అన్నాడట. తన మనవడితో ఆయన ఏమన్నాడో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. అదే కష్టమైన మాటై ఉంటుంది. పరాయి పిల్లాడికి జవాబు చెప్పడం సులువు. సొంత మనవడు వచ్చి ‘తాతా, నువ్వు చేసేది షిర్క్’ అంటే నోట మాట రాదు.

తీవ్రవాదులందరూ ఒకటే అని నేను అనడం లేదు. రెండువైపుల వాళ్ళూ ముందుగా గురిపెట్టేది ఒకే మనిషిని అంటున్నాను. ఆ మనిషి మా అమ్మమ్మ. హద్దు మీద నిలబడి, హద్దు ఉందని కూడా గమనించని మనిషి. రంగరాజన్ గారు 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద మోసుకెళ్ళారు. తిరుప్పాణాళ్వారును లోకసారంగ ముని మోసిన కథనే మళ్ళీ చేసి చూపారు. అది సంప్రదాయం లోపలినుంచి వచ్చిన పని. సంప్రదాయాన్ని కాపాడతామంటూ బయల్దేరినవాళ్ళు ఏడేళ్ళ తర్వాత కొట్టింది ఆ మనిషినే. ఆ సేవ చేశారని కొట్టారని కాదు. ఆయన్నీ ఆయన గుడినీ తమ లెక్కలోకి రాసుకోవాలనుకున్నారు, ఆయన రాసుకోనివ్వలేదు. సైన్యం కావాలనుకున్నవాడికి ముందు కావలసింది శత్రువు కాదు, సైనికులు. వాళ్ళను ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు? సొంత మతంలోంచే.

మరి గోకుల్ చాట్ మాటేమిటి

ఇక్కడిదాకా చదివి మీలో కొందరికి కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో పోయిన నలభై మందికి పైగా మనుషులు బాంబు పెట్టినవాడి సొంత మతం వాళ్ళా? 2013లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో? 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రపోతున్న గ్రాహం స్టెయిన్స్‌నీ, పదేళ్ళూ ఆరేళ్ళూ ఉన్న అతని ఇద్దరు కొడుకుల్నీ తగలబెట్టినప్పుడు? 1994లో హెబ్రాన్‌లో నమాజులో ఉన్న 29 మందిని యూదు డాక్టరు కాల్చినప్పుడు? వాళ్ళ ఇళ్ళవాళ్ళ దగ్గరికి వెళ్ళి ‘అసలు బాధితులు చంపినవాడి మతస్థులేనండీ’ అంటే అంతకన్నా క్రూరత్వం ఉండదు.

నేను శవాల లెక్క చెప్పడం లేదు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న వరస చెప్తున్నాను. బయటివాణ్ణి చంపాలంటే లోపలివాళ్ళు ముందు నోరు మూసుకోవాలి. అన్నం పెట్టేవాళ్ళు, దాచేవాళ్ళు, చందా ఇచ్చేవాళ్ళు, కనీసం చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు కావాలి. ఊరుకోనివాడికి ముందుగా దెబ్బ పడుతుంది. హైదరాబాద్ ప్రెస్‌క్లబ్బులో 2007 ఆగస్టు 9న బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీదికి పూలకుండీలు, కుర్చీలు విసిరిన గుంపులో శాసనసభ్యులు కూడా ఉన్నారు. సరిగ్గా పదహారు రోజులకు గోకుల్ చాట్ పేలింది. ఈ రెండిటికీ లంకె ఉందని నేననను, ఆ గుంపు వేరు, ఈ గుంపు వేరు. అయితే తమ మతంలో పుట్టిన ఒక రచయిత్రి మీద పట్టపగలు కెమెరాల ముందు దాడి చేసి మీసం మెలేసినవాళ్ళను చూసిన ఊళ్ళో, అంతకన్నా చిన్నవాళ్ళెవరైనా నోరు తెరుస్తారా?

రెండో అభ్యంతరం బలమైనది. అన్ని మతాల తీవ్రవాదాన్నీ ఒకే తక్కెడలో వేయడం న్యాయమా? న్యాయం కాదు. ఒక దేశంలో ఎక్కువమంది మతం ఏదో, ఆ మతపు తీవ్రవాదానికి పోలీసు స్టేషన్లో కుర్చీ దొరుకుతుంది. పాకిస్తాన్‌లో ముస్లిం ఛాందసుడు చట్టం రాయిస్తాడు, మన దేశంలో అదే ఛాందసుడికి ఆ శక్తి లేదు. మన దేశంలో హిందూ తీవ్రవాది ఊరేగింపు దారి మార్పించగలడు, సినిమా ఆపించగలడు, పాఠ్యపుస్తకం మార్పించగలడు. శ్రీలంకలో బౌద్ధుడు, ఇజ్రాయెల్‌లో యూదుడు అంతే. పదజాలం ఒకటే కావచ్చు, చేతి బలం వేరు. కాబట్టి మెజారిటీ మతంలో పుట్టిన నాలాంటివాడి మీద బాధ్యత సమానంగా లేదు, ఎక్కువే ఉంది. దీన్ని ‘రెండువైపులా తప్పుంది’ అన్న బద్ధకపు తీర్పులోకి జారనివ్వకూడదు.

మూడోది, ‘మనవాళ్ళు చేసేది ప్రతిచర్య మాత్రమే’ అన్న వాదన. ప్రతి మతంలోనూ ఉంది, ప్రతివాడి దగ్గరా తేదీలతో సహా జాబితా ఉంది. దీని మీద ఎక్కువ రాయను. ప్రతిచర్య అయితే అది చర్య చేసినవాడి మీదికి పోవాలి. చిలుకూరు పూజారి ఏం చేశాడని?

కేరళ ప్రొఫెసర్ టి.జె. జోసెఫ్ కథ ఈ మూడు అభ్యంతరాలకూ ఒకేసారి తగులుతుంది. ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న ప్రవక్తను అవమానించిందంటూ 2010 జూలై 4న మూవాట్టుపుళలో, చర్చి నుంచి తల్లితో, అక్కతో తిరిగి వస్తున్న ఆయన్ని కారులోంచి లాగి కుడి చెయ్యి నరికారు. నరికినవాళ్ళు ముస్లిం తీవ్రవాదులు, బాధితుడు క్రైస్తవుడు. ఇంతవరకు నా వాదనకు ఎదురు సాక్ష్యమే. తర్వాతేం జరిగింది? ఆయన పనిచేసే చర్చి యాజమాన్యపు కాలేజీ, ఆయన మంచం మీద ఉండగానే ఉద్యోగంలోంచి తీసేసింది. మత విద్వేషం రెచ్చగొట్టాడన్నది కారణం. జీతం లేక, కేసులతో ఇల్లు నలిగిపోయింది. 2014 మార్చిలో భార్య ఆత్మహత్య చేసుకుంది. ఆ తర్వాత, పదవీ విరమణకు రోజుల ముందు, మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. చెయ్యి నరికినవాళ్ళకు శిక్షలు పడ్డాయి. ఆ కుటుంబాన్ని నాలుగేళ్ళు ఒంటరిగా వదిలేసింది సొంత గూటివాళ్ళు. వాళ్ళు తీవ్రవాదులు కారు, మర్యాదస్తులు. గొడవ పెద్దది కాకూడదనుకున్నారు. తీవ్రవాదానికి కావలసిందీ అదే.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఇలాంటి హత్యలు ప్రతిసారీ కాకపోయినా కొన్నిసార్లు పనిచేస్తాయి. లోంగోవాల్‌ని చంపినా పంజాబ్‌లో ఆ సెప్టెంబరులో ఎన్నికలు ఆగలేదు, జనం వచ్చి ఓట్లేశారు, ఆయన పార్టీయే గెలిచింది. రబీన్ హత్య తర్వాత మాత్రం ఏడు నెలలు తిరగకుండానే, పాలస్తీనీయులతో ఆయన చేసుకున్న ఒప్పందాలను వ్యతిరేకించిన నెతన్యాహు ప్రధానిగా ఎన్నికయ్యాడు. ఒక్కడు మూడు తూటాలతో దేశం దారి మళ్ళించాడా అంటే, అలా తేల్చి చెప్పలేం. మళ్ళించలేదని కూడా చెప్పలేం. ‘హింసతో ఎవరూ ఏమీ సాధించలేరు’ అని బడి పుస్తకాల్లో రాస్తారు. సాధిస్తారు. అందుకే అడ్డుకోవాలి.

మిత్రుడి మాట

‘వాళ్ళు అసలు హిందువులే కాదు’ అన్న వాక్యం కింద నేను, ‘హిందువులే అంకుల్. అందుకే మనం మాట్లాడాలి’ అని రాశాను. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్ళిపోయారు. ఒకరు, ‘మరి వాళ్ళ సంగతి ఎందుకు రాయరు?’ అన్నారు. నేను రాస్తే వాళ్ళకేం లెక్క? ముస్లిం తీవ్రవాదాన్ని నేను ఖండిస్తే నాకు ఖర్చేమీ లేదు, వాళ్ళకు నష్టమేమీ లేదు. మా గ్రూపులో నాలుగు చేతులు జోడించిన బొమ్మలు అదనంగా వస్తాయి, అంతే. రాముడి పేరు మీద కొట్టడం తప్పని రాముణ్ణి కొలిచేవాడు అంటే అది వేరు. అతని గురించి ఆ దండు ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

ఈ వాదననే ఆ పాత ఆఫీసు మిత్రుడి దగ్గర, ఇప్పుడు మెహదీపట్నంలో ఉంటున్నాడు, ఉత్సాహంగా చెప్పాను. ఎవరి ఇంటి సంగతి వాళ్ళు మాట్లాడితే సగం గొడవ తగ్గుతుందన్నాను. చాయ్ అయిపోయేదాకా విన్నాడు.

“నీకు సులువు భాయ్,” అన్నాడు. “నువ్వు మీవాళ్ళను తిడితే నీకు ధైర్యవంతుడని పేరొస్తది. నేను మావాళ్ళను తిడుతూ ఫేస్‌బుక్కుల రాస్తే, తెల్లారేసరికి అది ఎవరి ఫోన్లల్ల తిరుగుతదో నీకు తెలుసు. ‘చూడుండ్రి, వాళ్ళోడే చెప్తున్నడు’ అని. నేను రాసింది మా బస్తీ పిల్లల మీద సాక్ష్యమైతది. కిరాయికి ఇల్లు దొరకని మా తమ్ముడి మీద సాక్ష్యమైతది. షోయబుల్లాఖాన్ రాసిండు, మంచిగనే రాసిండు. సైన్యం వచ్చినంక ఆ రాతలు చూసి ఎవడన్న ఒక్క ముస్లింని వదిలిపెట్టిండా?”

నా దగ్గర జవాబు లేదు. సుందర్‌లాల్ అంకెలు నాకు తెలిసినవే, ఆ అంకెల్ని ఇలా అటునుంచి చూడలేదు. అతని మాటలో ఇంకా ముందుకు వెళ్తే ‘కాబట్టి ఊరుకోవాలి’ అని వస్తుంది. అక్కడికి నేను రాలేను, అతనూ రాలేదు.

ఆ మధ్య వాళ్ళ మసీదు దగ్గర కుర్రాళ్ళు కొందరు ఒక గ్రూపులో వీడియోలు పంచుకుంటున్నారట. ఏ వీడియోలో అడగలేదు, ఊహించుకోగలను. అతను పోలీసులకు చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. మసీదు కమిటీలో ఇద్దరు పెద్దల్ని తీసుకుని ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళాడు. తల్లుల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడాడు, ఉర్దూలో, గట్టిగానే. ఒక తండ్రి, ‘నా కొడుక్కు దీన్ నేర్పడానికి నువ్వెవరు’ అని తిట్టి పంపాడు. ఇంకో ఇంట్లో తల్లి అక్కడికక్కడే ఫోను లాగేసుకుంది. కమిటీలో ఒక పెద్దమనిషి నెలరోజులు ఇతనికి సలాం కూడా చెప్పలేదట.

దీన్ని బహిరంగంగా ఖండించడం అనరు. టీవీ చర్చలో ‘మీరెందుకు మాట్లాడరు’ అని వేలు చూపేవాడికి ఇది కనబడదు, కనబడాలని మా వాడికీ లేదు. దాక్కుని మాట్లాడడం పిరికితనం అనేవాళ్ళు ఉంటారు. నాకలా అనిపించలేదు. ఇంకా మూడు ఇళ్ళున్నాయని, వచ్చే శుక్రవారం నమాజయ్యాక వెళ్తామని చెప్పి చాయ్ డబ్బులు అతనే ఇచ్చాడు.